బన్షీకి ఏ పైపులు? అసలు గొడవ పైపులదా, క్లచ్‌దా?

గ్యారేజ్_గోపి
డాలస్ దగ్గర ఉంటాను. మొన్న మార్చిలో పాత బన్షీ ఒకటి కొన్నాను, 2004 మోడల్. తెలియనివాళ్ళ కోసం: యమహా వాళ్ళ నాలుగు చక్రాల బండి, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, సెల్ఫ్ లేదు, కిక్కరే. ఇసుక దిబ్బల మీద తోలడానికి కొన్నా. ఓక్లహోమాలో వేనోకా ఊరి పక్కన లిటిల్ సహారా అని ఉంది, రెండు నెలలకోసారి అక్కడికి పోతాం. మిగతా రోజుల్లో ఫ్రెండ్ వాళ్ళ పొలంలో.

పాత ఓనర్ కంపెనీ సైలెన్సర్లు పీకేసి ఏవో పైపులు వేశాడు. మీద పేరు లేదు, తుప్పు మాత్రం ఉంది. కింద రేంజ్‌లో (ఇంజన్ తక్కువ ఆర్‌పీఎమ్‌లో తిరిగేటప్పుడు) బండికి ప్రాణం లేదు. పైకి వెళ్ళాక ఒక్కసారిగా లాగుతుంది. ఇక మూడో గేరులో ఫుల్ ఇస్తే ఇంజన్ గీ... అని అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే "పైపులు తప్పు, మార్చెయ్" అన్నాడు. కొత్త జత ఆరేడు వందల డాలర్లు చెప్పాడు. టూమీ టీ5 వేయాలా, ఎఫ్ఎమ్ఎఫ్ ఫ్యాటీ వేయాలా? వాడినవాళ్ళు ఉంటే చెప్పండి. ఇంట్లో ఇప్పటికే ఈ బండి పేరెత్తితే టెన్షన్.

ఆటోనగర్_శీను
ఇంజన్ అరుస్తోంది, బండి పోవట్లేదు అంటే క్లచ్ జారుతోందన్నా. ముందు క్లచ్ విప్పు. డబ్బులు జేబులోనే ఉంచు.

ఖమ్మం_కిక్కర్
ఆరేడు వందల డాలర్లు అంటే ఇక్కడ ఒక మంచి ఆర్ఎక్స్100 వచ్చేది ఒకప్పుడు. ఇప్పుడు రాదులే, ఆ బండి రేటు బంగారంతో పోటీ పడుతోంది.

రాజ్‌దూత్_రావు
64 బోరు, 54 స్ట్రోకు, 347 సీసీ. గోపీ, నీ బండి కొలతలు ఇవే కదా? మన రాజ్‌దూత్ 350 కొలతలు కూడా ఇవే. యమహా ఆర్‌డీ350ని ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో ఇక్కడికి తెచ్చి రాజ్‌దూత్ అని పేరు పెట్టారు. అదే కుటుంబం అక్కడ నీళ్ళ కూలింగ్ పెట్టుకుని ఆర్‌జెడ్350 అయింది. ఆ ఇంజన్ వారసుడే 1987లో బన్షీలో కూర్చున్నాడు, 2006 దాకా అమెరికాలో అమ్మారు. అంటే నీ గ్యారేజీలో ఉన్నది మా ఇంట్లో ఉన్నదానికి పినతండ్రి కొడుకు.

అందుకే నా అనుభవం ఒకటి చెప్తా. మాది హై టార్క్, 30.5 హార్స్‌పవర్ ది. తర్వాత వచ్చిన లో టార్క్ 27కి దిగింది. మాకు 30.5 కూడా చాల్లేదు. తొంభైల్లో మా ఊరి మెకానిక్ ఒకాయన "బఫెల్ (సైలెన్సర్ లోపల మోత తగ్గించే గొట్టం) తీసేస్తే విమానం అవుద్ది" అన్నాడు. తీసేశాం. మేం మెయిన్ రోడ్డు ఎక్కగానే మా వీధిలో వాళ్ళకి తెలిసిపోయేది, అంత మోత. పికప్ మాత్రం పోయింది. ఊరంతా విన్నది గానీ బండే వినలేదు. మూడు వారాలకి మళ్ళీ బఫెల్ పెట్టించాం.

ఆటోనగర్_శీను
రావు గారూ ఆ మెకానిక్ విజయవాడ వాడు కాదు కదా? 😀

రాజ్‌దూత్_రావు
కాదులే శీనూ. చచ్చి స్వర్గాన ఉన్నాడు, వదిలెయ్.

మౌనిక_చికాగో
రావు గారి కథలో బండి ఎందుకు మొండికేసిందో చెప్తాను, గోపి గారి పైపుల సంగతి కూడా అందులోనే తేలుతుంది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

టూ స్ట్రోక్‌కి ఫోర్ స్ట్రోక్‌లో లాంటి వాల్వులు లేవు. పొగ పోయే దారి, కొత్త పెట్రోలు-గాలి వచ్చే దారి కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. కొత్తగా వచ్చిన సరుకులో కొంత అలాగే బయటికి జారిపోతుంది. మధ్యలో పొట్ట, రెండు వైపులా గరాటా ఉన్న పైపు దీనికోసమే. పొగ పోయే దారి, అదే పోర్టు, తెరవగానే ఒక ఒత్తిడి అల బయల్దేరుతుంది. మొదటి గరాటా వెడల్పు అవుతుంటే అది వెనక్కి లాగుడుగా మారి సిలిండర్‌ని ఖాళీ చేస్తుంది. రెండో గరాటా సన్నబడే చోట అదే అల గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చి, బయటికి జారిన సరుకుని పోర్టు మూసుకునేలోపు మళ్ళీ లోపలికి తోస్తుంది. చివర ఉండే సన్న గొట్టం (స్టింగర్) లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. రావు గారి మెకానిక్ ఆ చివరి దారిని బార్లా తెరిచేశాడన్నమాట.

ఇప్పుడు లెక్క. పోర్టు తెరిచి ఉండే కోణం సుమారు 190 డిగ్రీలు అనుకుందాం. ఇంజన్ 8,000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే 190 డిగ్రీలు తిరగడానికి 0.004 సెకను కూడా పట్టదు. వేడి పొగలో అల సెకనుకు 500 మీటర్లు దాటి పోతుంది, 520 వేసుకోండి. ఆ టైములో వెళ్ళి తిరిగి రావాలంటే పిస్టన్ నుంచి రెండో గరాటా మధ్యకి దూరం సుమారు 103 సెంటీమీటర్లు ఉండాలి. 9,500కి కావాలంటే 87కి తగ్గాలి. పొడుగు పైపు కింద లాగుతుంది, పొట్టి పైపు పైన లాగుతుంది.

గోపి గారూ, టేపు తీసుకుని కొలవండి. వంపు దగ్గర బయటి అంచు మీద కాదు, పైపు మధ్యగీత మీద.

ఖమ్మం_కిక్కర్
అక్కా ఇంటర్లో ఫిజిక్స్ ఇలా చెప్పుంటే నేను పాసయ్యేవాణ్ని.

రాజ్‌దూత్_రావు
మౌనిక చెప్పిన ఈ విద్యకి ఒక కథ ఉంది. 1950ల్లో తూర్పు జర్మనీ ఎమ్‌జెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఈ పైపుని శాస్త్రంగా పట్టుకున్నాడు. 1961 నాటికి 125 సీసీ నుంచి 25 హార్స్‌పవర్ పిండాడు. ఆ ఏడాదే వాళ్ళ రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసుకని వెళ్ళి అటే పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటేడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీ బండి మీద అతనిదే. ఒక్క మనిషి గోడ దాటితే విద్య జపాన్ చేరింది.

ప్లగ్గు_పంతులు
కథలు బాగున్నాయి. అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం) ఎంత? పైపులు మార్చినాయన జెట్లు మార్చాడా? ఎయిర్ బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే డబ్బా) మూత ఉందా? ఇవి తెలియకుండా ఫుల్ థ్రాటిల్ ఇస్తున్నావంటే నీది ధైర్యం కాదు బాబూ, అజ్ఞానం.

గ్యారేజ్_గోపి
పంతులు గారూ, తిట్టండి ఫర్వాలేదు. ఇవాళ సాయంత్రం కార్బొరేటర్లు విప్పి చూస్తా. మౌనిక గారూ, టేపు కూడా పెడతా.

డాలస్_కుర్రాడు
పంతులు గారి మాట పెడచెవిన పెట్టొద్దు గోపీ. నేను కాల్చుకున్న చెయ్యి ఇది. నాదీ బన్షీయే, ఫ్యాటీ పైపులు. ఆగస్టులో నూరు డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో జెట్లు సెట్ చేసుకున్నా, బ్రహ్మాండంగా పోయింది. డిసెంబర్లో అదే సెట్టింగుతో పొద్దున్నే దిబ్బల మీదకి వెళ్ళా. నీళ్ళు గడ్డకట్టే చలి. రెండో దిబ్బ ఎక్కుతుంటే బండి ఎన్నడూ లేనంత బాగా లాగింది. ఆహా అనుకున్నా. అది ఆహా అనుకోవాల్సిన విషయం కాదని నాలుగు సెకన్లకి తెలిసింది. టక్ మని వెనక చక్రాలు లాక్, నేను హ్యాండిల్ మీదుగా ఇసుకలోకి.

ఎడమ పిస్టన్ పట్టేసింది. విప్పి చూస్తే పిస్టన్ పక్క గోడ మీద అల్యూమినియం గీసుకుపోయి, వేలుగోరు పెడితే ఆగేంత లోతు గాట్లు.

మౌనిక_చికాగో
ఆ వేడికీ ఆ చలికీ మధ్య గాలి సాంద్రత 13-14 శాతం పెరుగుతుంది. పెట్రోలు అంతే ఉండి గాలి పెరిగితే మిశ్రమం పలచన. పలచబడేటప్పుడు కొంతదాకా పవర్ పెరుగుతుంది కూడా, మీకు "ఆహా" అందుకే వచ్చింది.

కొత్త_కుర్రోడు_వరంగల్
అయితే ఆయిల్ ఎక్కువ కలిపితే పిస్టన్ పట్టేయదు కదా? నేను ఆర్ఎక్స్ లో ఆయిల్ పంపు ఉన్నా విడిగా పెట్రోల్లో కూడా కలుపుతా.

ప్లగ్గు_పంతులు
నాయనా. ఆయిల్ ఎక్కువ పోస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది. జెట్‌లోంచి వచ్చే లీటర్లో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గినట్టే, అంటే మిశ్రమం ఇంకా పలచన. ఆయిల్ మోతాదు ఒకసారి నిర్ణయించుకో, దాన్ని కదపకు, జెట్ దానికి సరిపెట్టుకో. బన్షీకి ఆయిల్ పంపు లేదు, ట్యాంకులోనే కలపాలి. ఎక్కువమంది 32 పాళ్ళ పెట్రోలుకి 1 పాలు ఆయిల్ వాడతారు. గోపీ, మీ అమెరికా లెక్కలో 5 గ్యాలన్ల డబ్బాకి 20 ఔన్సులు.

మిన్నెసోటా_మూర్తి
మీరంతా గేర్ల బండి వాళ్ళు. నా బాధ వేరు. నాది పాత పొలారిస్ ట్రైల్ బ్లేజర్ 250, టూ స్ట్రోకే, కానీ బెల్టు క్లచ్. మన యాక్టివాలో ఉన్న వ్యవస్థే, కాస్త పెద్దది. మంచి పైపు కొని వేశా. బండి ముందుకన్నా మెల్లగా పోయింది! రెండు నెలలు పైపు కంపెనీని తిట్టుకున్నా. తప్పు దానిది కాదు.

ఆటోనగర్_శీను
రోలర్లు మార్చలేదా మూర్తిగారూ?

మిన్నెసోటా_మూర్తి
అదే శీనూ, నీకు వెంటనే వెలిగింది, నాకు రెండు నెలలు పట్టింది. ఇందులో రోలర్లు కాదు, చిన్న చిన్న చేతుల్లాంటి బరువులు ఉంటాయి. ఇంజన్ తిరిగేకొద్దీ ఆ బరువులు బయటికి విసిరి, ముందు పుల్లీని బిగించి, బెల్టుని పైకెక్కిస్తాయి. గేరు మారడం అంటే ఇక్కడ అదే. పాత సైలెన్సర్‌కి పవర్ ఎక్కడ వచ్చేదో అక్కడే ఇంజన్‌ని నిలబెట్టేలా కంపెనీ వాళ్ళు బరువులు పెట్టారు. కొత్త పైపు పవర్ ఇంకో వెయ్యి ఆర్‌పీఎమ్ పైన ఉంది. ఇంజన్ అక్కడికి చేరేలోపే బెల్టు ఎక్కేసి దాన్ని కిందకి గుంజేస్తోంది. పాపం పైపు ఏం చేస్తుంది.

బరువులు రెండు గ్రాములు తగ్గించా, ఇంజన్ పైకి వెళ్ళి నిలబడింది. ఇంకో రెండు తగ్గిస్తే మరీ పైకి పోయి మోతే మిగిలింది, వెనక్కి వచ్చా. స్ప్రింగు గట్టిది వేస్తే బండి కదలడం ఆలస్యమవుతుంది, కదిలాక విసురుగా కదులుతుంది. మంచులో అది మంచిది కాదు, చక్రం తిరిగిపోతుంది. అందుకని స్ప్రింగు జోలికి పోలేదు. టాకోమీటర్ (ఆర్‌పీఎమ్ చూపే మీటర్) లేకుండా ఈ పని చేయకండి. చవక రకం ఒకటి ప్లగ్గు వైరుకి చుట్టుకునేది దొరుకుతుంది, చాలు.

కొత్త_కుర్రోడు_వరంగల్
అంటే నా చెల్లి యాక్టివాకి తేలిక రోలర్లు వేస్తే స్పీడ్‌గా పోతుందా?

ఆటోనగర్_శీను
పికప్ వస్తది, మైలేజీ పోతది. చెల్లి చేతిలో నువ్వు పోతావ్.

గ్యారేజ్_గోపి
కొలతలు తీశా. జెట్లు 280. ఎయిర్ బాక్స్ లేదు, కార్బొరేటర్లకే నేరుగా తగిలించే పాడ్ ఫిల్టర్లు. ప్లగ్గులు రెండూ ముదురు గోధుమ రంగు, కొంచెం నల్లగానే ఉన్నాయి. అంటే మిశ్రమం పలచన కాదు, పంతులు గారు శాంతించవచ్చు.

పైపు మధ్యగీత మీద 84 సెంటీమీటర్లు. రెండు సార్లు కొలిచా, మా అబ్బాయితో టేపు పట్టించి.

మౌనిక_చికాగో
84 అంటే నా లెక్కలో 9,800 దగ్గర. ఇది డ్రాగ్ రేసుకి వేసే పైపు. సిలిండర్ పోర్టులు మామూలుగా ఉంటే ఇంజన్ అక్కడ ఊపిరి కూడా సరిగా తీసుకోలేదు. షాపువాడు చెప్పింది సగం నిజమే.

ఆటోనగర్_శీను
మిగతా సగం నేను చెప్పిందే. పైపు తప్పైతే కింద పికప్ ఉండదు, ఒప్పుకుంటా. కానీ పైపు తప్పైనంత మాత్రాన ఇంజన్ లేచి బండి ఆగదు. అన్నా, గేర్ బాక్సులో ఏ ఆయిల్ పోశావ్?

గ్యారేజ్_గోపి
కార్లకు పోసేది. 5డబ్ల్యూ-30 సింథటిక్, ఖరీదైనదే. ఇంట్లో ఉంది కదా అని.

ఆటోనగర్_శీను
దొరికాడు దొంగ.

ప్లగ్గు_పంతులు
డబ్బా వెనక గుండ్రటి ముద్రలో "ఎనర్జీ కన్సర్వింగ్" అనో "రిసోర్స్ కన్సర్వింగ్" అనో ఉంటుంది, చూడు. జారుడు పెంచే మందులు కలిసిన ఆయిల్ అది. కారుకు క్లచ్ బయట ఉంటుంది, చెల్లుతుంది. నీ బండికి క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే స్నానం చేస్తాయి. జాసో ఎమ్ఏ అని ఉన్న బైకు ఆయిల్ పోయాలి.

డాలస్_కుర్రాడు
ఇక్కడ చాలామంది బన్షీ వాళ్ళు టైప్ ఎఫ్ ఏటీఎఫ్ పోస్తారు, అదే ఆటోమేటిక్ కార్ల గేర్ ఆయిల్. క్లచ్ బాగా పట్టుకుంటుంది. నేనూ అదే.

ప్లగ్గు_పంతులు
పోస్తారు, తెలుసు. నేను పోయను. గేర్ల పళ్ళకి అది చాలదని నా అభిప్రాయం.

డాలస్_కుర్రాడు
ఆరేళ్ళుగా పోస్తున్నా పంతులు గారూ, పళ్ళు ఉన్నాయి.

ప్లగ్గు_పంతులు
పిస్టనే కదా పోయింది.

డాలస్_కుర్రాడు
😂 ఇది అన్యాయం.

రాజ్‌దూత్_రావు
గోపీ, ఇంకోటి. ఇసుకకి వెనక తెడ్డు టైర్లు వేస్తావా? ముందు స్ప్రాకెట్ ఎన్ని పళ్ళు?

గ్యారేజ్_గోపి
అవును రావు గారూ, తెడ్డు టైర్లే. స్ప్రాకెట్ కంపెనీదే, ముందు 14, వెనక 41.

రాజ్‌దూత్_రావు
అయితే అంతా ఒకే గొలుసులో లింకులు. పైపు పొట్టిది, కింద లాగదు. నువ్వేమో అది లాగే చోటికి ఇంజన్‌ని తేవడానికి క్లచ్ సగం పట్టి రైజ్ చేస్తూ వదులుతున్నావు. తెడ్డు టైరు ఇసుకని కరిచి పట్టుకుంటుంది, రోడ్డు మీద లాగా జారి నీ క్లచ్‌ని కాపాడదు. ఆ భారమంతా ప్లేట్ల మీద. దానికి తోడు కారు ఆయిల్. ముందు 13 పళ్ళది వెయ్యి, ముప్పై డాలర్ల లోపు పని, క్లచ్ మీద కొంత బాధ తగ్గుతుంది.

ఖమ్మం_కిక్కర్
గోపన్నా నీ బండి ఆసుపత్రిలో చేరిన పెద్దాయన లాగుంది. ఒక్కో డాక్టరు ఒక్కో రోగం.

గ్యారేజ్_గోపి
శనివారం క్లచ్ విప్పుతున్నా. మొదటిసారి. ఏం చూడాలో వరసగా చెప్పండి శీను గారూ.

ఆటోనగర్_శీను
రాసుకో.

బండిని ఎడమ పక్కకి వాల్చి పెడితే ఆయిల్ తీయక్కర్లేదు. కానీ నువ్వు ఎలాగూ ఆయిల్ మారుస్తావ్ కాబట్టి తీసెయ్. కిక్కర్ తీసి, కుడి కవర్ విప్పు. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్, ఒకటే పూర్తిగా తీస్తే ప్లేటు వంకరగా లేస్తది.

ప్లేట్లు తీసేటప్పుడు వరస తప్పకుండా తీగకి గుచ్చి పెట్టు. మసి వాసన వస్తే, అంచులు మెరుస్తుంటే పని అయిపోయినట్టే. స్టీలు ప్లేట్లు నీలం రంగుకి తిరిగాయా చూడు. గాజు పలక మీద పెట్టి అంచుల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) తోయి, దూరిందంటే ప్లేటు వంగింది.

బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే బుట్ట) వేళ్ళు చూడు. ప్లేట్ల చెవులు కొట్టుకుని కొట్టుకుని అక్కడ మెట్లు మెట్లుగా పడతాయి. గోరుతో పైకి కిందకి రుద్దితే గతుకు తెలుస్తది. ఆ గుంటల్లో ప్లేట్లు ఇరుక్కుంటే క్లచ్ సగం వదిలి సగం పట్టుకుంటది. తక్కువుంటే సన్న ఆకురాయితో సాపు చెయ్, ఎక్కువుంటే బాస్కెట్ మార్చు.

కొత్త ప్లేట్లు రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి వెయ్యి. పొడిగా వేస్తే మొదటి రోజే కాలిపోతాయి.

ఇక ముఖ్యమైనది. నడుమ పుష్ రాడ్ (క్లచ్‌ని తోసి వదిలించే కడ్డీ) రెండు ముక్కలు, మధ్యలో ఒక చిన్న గోళీ ఉంటది. ఆ గోళీ జారి పడి పోయిందని తెలియకుండా బిగించేవాళ్ళని చాలామందిని చూశా. క్లచ్ పట్టుకుంటది, వదలదు. అయస్కాంతం దగ్గర పెట్టుకో.

కొత్త_కుర్రోడు_వరంగల్
శీనన్నా ఫీజు ఎంత అసలు? ఇంత చెప్తున్నావ్.

ఆటోనగర్_శీను
మా షెడ్డు ముందు టీ కొట్టు ఉంది. వచ్చినప్పుడు తాగించు.

మిన్నెసోటా_మూర్తి
స్ప్రింగుల సంగతి? గట్టి స్ప్రింగులు వేయమని ఇక్కడ అందరూ అంటారు.

డాలస్_కుర్రాడు
వేయాలి మూర్తి గారూ. పైపు వేసి పవర్ పెరిగాక పాత స్ప్రింగులు చాలవు. నేను గట్టివి వేశా, మళ్ళీ జారలేదు.

ఆటోనగర్_శీను
చూసి వేయాలి. కాలిన ప్లేట్ల మీద గట్టి స్ప్రింగు వేస్తే రెండు నెలలు బాగుంటది, తర్వాత చెయ్యి నొప్పి, కేబుల్ తెగుడు, అదే జారుడు. ముందు ప్లేట్లు, ఆయిల్, కేబుల్ ఫ్రీ ప్లే (లివర్ దగ్గర ఉండాల్సిన కాస్త వదులు). అప్పటికీ జారితే స్ప్రింగులు.

డాలస్_కుర్రాడు
రెండూ ఒకేసారి చేస్తే రెండోసారి కవర్ విప్పే పని ఉండదు కదా.

ఆటోనగర్_శీను
అప్పుడు రోగం ఏదో ఎప్పటికీ తెలీదు.

మౌనిక_చికాగో
నా ఓటు శీను గారికి. ఒకసారికి ఒక్కటే మార్చండి.

కొత్త_కుర్రోడు_వరంగల్
చిన్న డౌట్. ఈ బన్షీని ఇండియాకి తెచ్చి మా ఊళ్ళో తోలొచ్చా?

ఖమ్మం_కిక్కర్
తెచ్చి పొలంలో తోలుకో తమ్ముడూ. ఇలాంటి బండికి రోడ్డు మీద రిజిస్ట్రేషన్ ఆశించకు. పైపుల సంగతి అసలే ఎత్తకు. మా దగ్గర పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోడ్ రోలర్ ఎక్కించిన ఫోటోలు పేపర్లో చూస్తూనే ఉంటాం. నా ఆర్ఎక్స్ ఛాంబర్ పైపు కూడా ఆ వరసలో పడుకోవాల్సిందే, అటకెక్కించి బతికించా. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీం కోర్టు కూడా చెప్పింది.

రాజ్‌దూత్_రావు
కిక్కర్ అటకెక్కించడం మంచి పనే. నాకు చిన్నప్పుడు ఆ మోత సంగీతం. ఇప్పుడు మనవరాలు నిద్రపోతుంటే వీధిలో ఎవడైనా అలా పోతే కర్ర తీసుకుని లేస్తున్నా.

డాలస్_కుర్రాడు
అమెరికాలో కూడా ఇష్టమొచ్చినట్టు కాదు. ఫెడరల్ అడవి భూముల్లో నిప్పురవ్వలు ఆపే జాలీ, అదే స్పార్క్ అరెస్టర్, ఉండాల్సిందే. పైపు కొనేటప్పుడు సైలెన్సర్ చివర అది ఉందా లేదా చూసి కొను గోపీ. తర్వాత విడిగా కొంటే మళ్ళీ ఖర్చు.

గ్యారేజ్_గోపి
శనివారం రిపోర్ట్.

కవర్ విప్పగానే కాలిన వాసన. మా ఆవిడ వంటింట్లోంచి "ఏం మాడింది?" అని అడిగింది, నేను ఏమీ మాడలేదు అన్నా. ప్లేట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. స్టీలు ప్లేట్లలో మూడు నీలం. గాజు పలక లేక డైనింగ్ టేబుల్ అద్దం మీద పెట్టి చూశా. రెండు వంగాయి. టేబుల్ మీద ఆయిల్ మరక విషయం ఇక్కడ చర్చించను.

బాస్కెట్ వేళ్ళ మీద గతుకులు ఉన్నాయి, కొంచెమే. ఆకురాయి పెట్టా. కేబుల్‌కి ఫ్రీ ప్లే అసలు లేదు, లివర్ ఎప్పుడూ ఒక పిసరు లాగి పట్టినట్టే ఉంది. అంటే నేను కొన్న రోజు నుంచి క్లచ్ సగం నొక్కి తోలుతున్నట్టు.

ఇక గోళీ. శీను గారూ, మీరు చెప్పాక కూడా పడింది. టక్, టక్, టక్ అని మూడు చప్పుళ్ళు వినిపించాయి, తర్వాత నిశ్శబ్దం. నేనూ మా అబ్బాయీ టార్చ్ వేసుకుని గంటన్నర పాకాం. చివరికి షెల్ఫ్ కింద, అమ్మ గుంటూరు నుంచి పంపిన ఆవకాయ జాడీ వెనక దొరికింది.

ఖమ్మం_కిక్కర్
ఆవకాయలో పడుంటే బండికి ఘాటు వచ్చేది.

ఆటోనగర్_శీను
అయస్కాంతం అన్నానా లేదా?

గ్యారేజ్_గోపి
అన్నారు శీను గారూ. ఫ్రిజ్ మీద ఉంది అయస్కాంతం.

ప్లగ్గు_పంతులు
బిగించాక ఇంజన్ కేసు మీద గుర్తుకీ క్లచ్ లివర్‌కీ సరిపోయేలా మధ్య స్క్రూ సర్దావా? కేబుల్ తర్వాత. ముందు ఆ స్క్రూ.

గ్యారేజ్_గోపి
సర్దా. కొత్త ప్లేట్లు, బైకు ఆయిల్, ముందు 13 పళ్ళ స్ప్రాకెట్. స్ప్రింగులు పాతవే. ఆదివారం పొలంలో మూడో గేరులో ఫుల్ ఇచ్చా. జారలేదు! ముందు చక్రాలు లేచాయి, గుండె నోట్లోకి వచ్చింది.

కానీ మౌనిక గారి మాట కూడా నిజమే. కింద ఇంకా చచ్చినట్టే ఉంది. సగం దాకా ఏమీ లేదు, తర్వాత ఎవరో వెనక నుంచి తన్నినట్టు. చెట్ల మధ్య తోలలేకపోతున్నా.

డాలస్_కుర్రాడు
ఇప్పుడు అడుగు పైపుల సంగతి. నా ఫ్యాటీ మధ్యలో బాగా లాగుతుంది, పొలానికి హాయి. టీ5 వాడిన ఫ్రెండ్ ఉన్నాడు, అది కూడా మధ్య రేంజ్‌దే, దిబ్బల మీద కొంచెం ఎక్కువసేపు లాగుతున్నట్టు నాకనిపించింది. రెండింట్లో ఏది వేసినా ఇప్పుడున్నదానికి వంద రెట్లు నయం. ఫ్రేము లోపల ఇరికించే రేసు పైపులు మాత్రం మళ్ళీ కొనకు.

రాజ్‌దూత్_రావు
కొత్త పైపు వేసిన రోజు ముక్కు దగ్గర రబ్బరు రింగులు, స్ప్రింగులు అన్నీ సరిగా కూర్చున్నాయా చూసుకో. అక్కడ లీకైతే నల్లటి జిడ్డు కారుతుంది.

ప్లగ్గు_పంతులు
పైపు వేసే ముందు లీక్ టెస్ట్. రెండు ఇంటేక్ రబ్బర్ల మధ్య అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది, 2004 బండి కదా, పగిలి ఉండొచ్చు. ఇంజన్ దారులన్నీ మూసి 6 పీఎస్ఐ గాలి కొట్టు, 6 నిమిషాలు ఆగాలి. సబ్బు నీళ్ళు పూయి. బుడగ వచ్చిన చోట నీ తర్వాతి పిస్టన్ ఖర్చు ఉంది. డిసెంబర్‌కి జెట్ ఒకటి రెండు సైజులు పెంచు. ప్లగ్గు చూడాలంటే కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ థ్రాటిల్‌లో తోలి, అలాగే క్లచ్ పట్టి ఇంజన్ ఆపి, అప్పుడు విప్పు. మెల్లగా ఇంటికి వచ్చి విప్పితే ఆ రంగు ఇంటికి వచ్చిన రంగే.

గ్యారేజ్_గోపి
లీక్ టెస్ట్ చేశా పంతులు గారూ. మీరన్న గొట్టం దగ్గరే బుడగలు! కంటికి పగులు కనబడనే లేదు. రబ్బర్లు, గొట్టం ఆర్డర్ పెట్టా. పైపులకి సెకండ్ హ్యాండ్ టీ5 జత ఒకటి టల్సాలో దొరికేలా ఉంది, ఒక దాని పొట్ట మీద చిన్న సొట్ట ఉందట. ఫర్వాలేదా?

మౌనిక_చికాగో
పొట్ట మీద చిన్న సొట్టకి పెద్దగా తేడా రాదు. మొదటి వంపు దగ్గరైతే ఆలోచించాలి. ఫోటో పెట్టండి.

ఖమ్మం_కిక్కర్
గోపన్నా ఆ పాత 84 సెంటీమీటర్ల పైపులు ఏం చేస్తున్నావ్? మా రాజ్‌దూత్ ఫ్రెండ్ ఒకడు అడుగుతున్నాడు.

రాజ్‌దూత్_రావు
ఎవడు వాడు? ఏ వీధి?